పెట్టె కొలత - పార్సిలు ఖర్చు



మన బరంపురంలో తెలుగు ఇళ్ళవారు అప్పడాలు, వడియాలు, పచ్చళ్ళు చేసి అమ్ముకోవడం కొత్త కాదు. కొత్తదల్లా ఏమిటంటే, కొనేవారు ఇప్పుడు బెంగుళూరులోనో, పూనాలోనో ఉండి ఫోనులోనే ఆర్డరు పెడుతున్నారు. మా వదిన నాలుగేళ్ళుగా ఈ పని చేస్తోంది. పోయిన దసరాకు సరుకంతా అమ్ముడయింది. తీరా లెక్క చూసుకుంటే మిగిలింది దాదాపు ఏమీ లేదు. పార్సిళ్ళు చేరిన తర్వాత కొరియరు వారు ఆమె ఖాతాలోంచి మళ్ళీ అదనంగా పట్టుకున్నారు.

"ఇదేటి అన్యాయమయ్యా! తూస్తే రెండు కిలోలు, డబ్బులేమో ఆరు కిలోలకా?" అని చీటీ నా ముందు పెట్టింది. నేనూ మోసమే అనుకున్నాను. బడిలో పిల్లలకు ఘనపరిమాణం చెప్పేవాణ్ణి, నాకూ వెంటనే తట్టలేదు!

సంగతేమిటంటే, బస్సు టాపు మీద బియ్యం బస్తా బరువు, వెదురుబుట్టలు తేలిక. కానీ బుట్టలతో టాపు నిండిపోతే ఇంకో బస్తాకు చోటుండదు. అందుకని కొరియరు వారు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, 5000తో భాగిస్తారు. వచ్చిన కిలోలు, కాటా మీది కిలోలు - రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే కూలి. కొన్ని సంస్థలు 4000తోనూ భాగిస్తాయి, అప్పుడు ఇంకా ఎక్కువవుతుంది. విమాన సరుకులకు వాడుకలో ఉన్న అంకె 6000. అమెరికాలో ఫెడెక్సు, యూపీఎస్ సంస్థలు రోడ్డున పోయే చిన్న పార్సిళ్ళకు కూడా 2014 చివర, 2015 మొదట్లో ఈ లెక్కనే తెచ్చాయి. అంతకు ముందు మూడు ఘనపుటడుగులు, అంతకు మించిన వాటికే ఉండేది.

వదిన పెట్టె 40, 30, 25 సెంటీమీటర్లు. గుణిస్తే 30,000. అంటే 6 కిలోలు. అప్పడాలు విరుగుతాయని చుట్టూ కాగితం ఉండలు కుక్కి, పెద్ద పెట్టె వాడింది మరి. మూడు వైపులా అయిదో వంతు చొప్పున తగ్గించి 32, 24, 20 చేశాం. పరిమాణం సగానికి దిగింది. వచ్చింది 3 కిలోల 72 గ్రాములు. కానీ అర కిలో మెట్టు చొప్పున లెక్క కనుక మూడున్నర పడింది. పొడవు మరొక్క సెంటీమీటరు తగ్గించాం. సరిగ్గా 3 కిలోల లోపుకు వచ్చింది. ఒక్క సెంటీమీటరుకు అర కిలో కూలి!

పెట్టెలమ్మే వారు తరచు లోపలి కొలత, అదీ అంగుళాల్లో చెబుతారు. కొరియరు వారు కొలిచేది బయట, ఉబ్బిన చోట. టేపు వేసి మూసిన తర్వాతే కొలవాలి.

పచ్చళ్ళ సంగతి వేరు. సీసాలు చిన్నవి, బరువెక్కువ, కాటా లెక్కే నిలుస్తుంది. రెండు కిలోల వడియాల పెట్టెకు మూడు కిలోల కూలి కడుతున్నాం కదా, చోటుంటే అందులోనే ఒక ముప్పావు కిలో ఆవకాయ పెడితే అదనంగా పైసా పడదు. నూనె కారకుండా రెండు సంచుల్లో కట్టాలి సుమా. వదిన ఇప్పుడు ఆర్డరు పెట్టినవారిని "ఆవకాయ కూడా వేయమంటారా?" అని అడుగుతోంది. పాత పెద్ద పెట్టెల్లో మినుములు పోసుకుంది.