మడత చాకు కొనే ముందు లాక్ చూడండి: కొత్తది, విక్టోరినాక్స్, ఒపినెల్

వెనకాల హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి, మా రూమ్ అశోక్ నగర్‌లో, కిటికీ రోడ్డు వైపే ఉంటుంది. ఈరోజు టేబుల్ మీద మూడు మడత చాకులు పెట్టాను. ఒకటి ఈమధ్య ఆన్‌లైన్‌లో కొన్న కొత్తది. పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. రెండోది విక్టోరినాక్స్ స్పార్టన్, మూడోది ఒపినెల్ నంబర్ 8.

కొత్తది చూడ్డానికి అదిరిపోయింది. నల్ల బ్లేడు, బొటనవేలితో ఇలా తోస్తే టక్కున తెరుచుకుంటుంది. నేను కూడా దాన్ని చూసే పడిపోయాను.

పోయిన శనివారం మా రూమ్మేట్ చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లొచ్చి, చిప్పలోంచి కొబ్బరి తీద్దామని ఈ చాకే పట్టుకున్నాడు. మొన పెట్టి పైకి లేపాడు, అంతే, లాక్ జారి బ్లేడు వేళ్ల మీదికి మూసుకుంది. చూపుడు వేలికి మూడు కుట్లు. చాకు పట్టుకున్న చేయి కుడి చేయి కదా, రాసేదీ అదే. వాడు గ్రూప్-1 మెయిన్స్‌కి రోజూ ఆన్సర్లు రాసి ప్రాక్టీసు చేస్తాడు. ఇప్పుడు పెన్ను పట్టలేక లైబ్రరీకి వెళ్లి ఊరికే చదువుకుని వస్తున్నాడు. కొన్నది నేను, కుట్లు వాడికి.

లోపల ఏముందో చూద్దాం. కెమెరా దగ్గరికి తెస్తున్నా. పిడి లోపల ఒక సన్నటి రేకు ఉంది చూశారా? బ్లేడు తెరిస్తే ఆ రేకు పక్కకి జరిగి బ్లేడు వెనక అడ్డం నిలబడాలి. దీన్నే లైనర్ లాక్ అంటారు. పద్ధతి మంచిదే, సరిగ్గా చేస్తే గట్టిగా ఉంటుంది. ఇందులో మాత్రం రేకు అంచు మీద కొద్దిగా తగిలి ఆగిపోతోంది. మీ దగ్గర ఇలాంటిది ఉంటే, తెరిచి, వేళ్లు బ్లేడు దారిలో లేకుండా పట్టుకుని, బ్లేడు వీపుని చెక్క మీద మెల్లగా నొక్కండి. కదిలితే పక్కన పడేయండి. స్టీలు ఎంత మంచిదైనా సరే.

స్పార్టన్‌కి అసలు లాకే లేదు, స్ప్రింగ్ ఒత్తిడి మీదే నిలబడుతుంది. నవ్వొచ్చు గానీ, లాక్ లేదని తెలుసు కాబట్టి చెయ్యి దానంతటదే జాగ్రత్త పడుతుంది. మూస్తే 91 మిల్లీమీటర్లు. డబ్బా ఓపెనర్, పట్టకారు, పళ్లపుల్ల అన్నీ ఉన్నాయి. ఈ కంపెనీ 1891 నుంచే స్విస్ సైన్యానికి చాకులు ఇస్తోంది. పార్సిళ్లు, పండ్లు, హాస్టల్ పనులకి చాలు. కొబ్బరికి మాత్రం వద్దు, చెంచా వాడండి బాబూ.

ఒపినెల్ ఫ్రాన్స్‌ది, 1890 నుంచి ఉంది. దీని బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. మెడ దగ్గర ఈ రింగు తిప్పితే లాక్ పడుతుంది. రింగు 1955లో వచ్చింది. ఎంత సింపులో చూడండి, లాక్ పడిందా లేదా కంటికే కనిపిస్తుంది. తిప్పడం మర్చిపోతే మాత్రం మన తప్పే. పిడి చెక్కది, వానాకాలం ఉబ్బి తెరవడం కష్టమవుతుంది. కార్బన్ స్టీలుది కొంటే నిమ్మకాయ కోశాక తుడవకపోతే నల్లబడుతుంది, అందుకే నేను స్టెయిన్‌లెస్ తీసుకున్నా. కూరగాయలు కోసుకునే వాళ్లకి నా ఓటు దీనికే.

లైసెన్స్ కావాలా అని చాలామంది అడిగారు. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న బ్లేడుల మాట ఉంది, ఇంటి పనికి చేసినవి వేరు. ఈ మూడూ అందులో సగం కూడా లేవు. అలా అని జేబులో వేసుకుని తిరగకండి. బ్యాగులో మర్చిపోయి మెట్రో ఎక్కడానికి వెళ్తే చెకింగ్ దగ్గరే ఆగిపోతారు. ఫ్లైట్‌లో అయితే చెక్-ఇన్ లగేజీలోనే పెట్టాలి.

కొత్తదాన్ని వెనక్కి పంపేస్తున్నాను. కుట్లు వచ్చే వారం విప్పుతారు. అప్పటిదాకా వాడు నోటితో చెప్తుంటే నేను రాసిపెడుతున్నా, నా దస్తూరీ చూసి తిడుతున్నాడు కూడా. మీ చాకు లాక్ నొక్కి చూసి, ఏమైందో కామెంట్‌లో పెట్టండి.