కరవు దినములలో ఏటి నీటిని కొలుచు విధము



వానలు వెనుకపట్టిన యేట మంజీర యొడ్డున జరుగు పెద్ద పొరపాటు కంటికి కనబడిన నీటిని నమ్మి తాబి వరికి నారు పోయుట. మడుగు నిండుగా నున్నట్లు తోచును; నాట్లు ముగియును; పైరు పొట్టకు వచ్చు వేళకు కాలువ యెండును. విత్తనము, ఎరువు, కూలి యన్నియు పోయి అప్పు మాత్రము మిగులును. కావున నీటిని చూచుటకును, కొలుచుటకును గల భేదమును రైతు ముందుగా నెఱుంగవలెను.

నీటిమట్టము వేరు, ప్రవాహము వేరు. ఇసుక మేట అడ్డుపడిన చోట మడుగు మట్టము కొన్ని దినములు తగ్గకయే యుండవచ్చును; ఏరు మాత్రము పారదు. జలాశయముల విషయమును నిట్టిదే. మంజీరపై 1923లో ఆరంభమైన నిజాంసాగరము 1931లో ముగిసెను. కట్టిన నాడు అందు సుమారు 30 టి.ఎం.సి.ల నీరు పట్టెడిది. ఒండ్రు చేరుటచేత నేడు 1405 అడుగుల పూర్తి మట్టమునకు నిండినను 17.8 టి.ఎం.సి.లే పట్టును. తాత నాటి లెక్కతో మనుమడు తాబి వేసినచో మోసపోవును.

చిన్న యేటి ప్రవాహమును రైతులే కొలువవచ్చును. వంకర లేక సమముగా పారు చోట 50 అడుగుల దూరమును కొలిచి రెండు గూటములు పాతవలెను. వెడల్పును, నాలుగైదు తావులలో లోతును కొలిచి సగటు తీయవలెను. పిమ్మట నొక కట్టెముక్కను నీట విడిచి, అది రెండవ గూటమును చేరుటకు పట్టిన సెకండ్లను లెక్కింపవలెను. ఇట్లు మూడు మారులు చేసి సగటు తీసికొనవలెను. పైనీరు అడుగునీటికంటె వడిగా పారును గనుక వచ్చిన వేగములో నూటికి 85 పాళ్లు మాత్రమే గ్రహింపవలెను.

ఉదాహరణము: వెడల్పు 10 అడుగులు, లోతు 1 అడుగు, కట్టెముక్కకు పట్టిన కాలము 50 సెకండ్లు. అప్పుడు పైనీటి వేగము సెకండునకు 1 అడుగు, ప్రవాహము 8.5 క్యూసెక్కులు. ఒక క్యూసెక్కు 24 గంటలు పారినచో సుమారు 12 ఎకరములకు రెండంగుళముల తడి యగును. అనగా ఈ యేరు దినమునకు సుమారు 100 ఎకరములను ఒక్కమారు తడుపగలదు. కాలువలో నింకిపోవునది ఈ లెక్కలో చేరలేదు.

అయితే ఒకనాటి కొలత చాలదు. వారమున కొకమారు అదే తావున, ఉదయముననే కొలిచి, తేదీతో పుస్తకమున వ్రాయవలెను. ఒడ్డున నున్న బావుల మట్టమును గూడ దాని ప్రక్కన వ్రాయవలెను. వాన లేని దినములలో ఏటిని నడుపునది భూమినుండి యూరు నీరే. బావులు దిగినకొలది ఏరును సన్నగిల్లును. నాలుగు వారములలో ప్రవాహము సగమైనచో కోతవరకు నింకను తగ్గునని తలంచి, వరి విస్తీర్ణమును ముందే తగ్గించి, మిగిలిన భూమిలో శనగ, జొన్న వంటి తక్కువ నీటి పైరులను వేయుట మేలు.

ఈ కొలత ఊరివారందఱి యెదుట జరుగవలెను. తూము దగ్గఱి రైతును, కాలువ చివరి రైతును ఒకే యంకెను చూచినచో నీటి తగవులు సగము తీఱును. ఎండినపైరును చూచి వగచుటకంటె నారు పోయకముందు ఒక పూట ఏటియొద్ద గడపుట రైతునకు లాభము.