వరస చెడితే పేట చెడుతుంది
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఇంటర్మీడియట్ చదివి పట్టాళంలో చేరినవాణ్ణి. మద్రాస్ సాపర్స్‌లో సుబేదారుగా రిటైరయ్యాను. పెద్ద ఉపన్యాసాలు రావు. చూసిందీ, చేసిందీ చెబుతాను.

మనం కూర్చున్న ఈ వాట్‌గంజ్‌కు ఆ పేరు కల్నల్ హెన్రీ వాట్సన్ వల్ల వచ్చింది. ఆయనా మిలిటరీ ఇంజనీరే. 18వ శతాబ్దం చివర ఇక్కడ ఓడలు కట్టే డాక్ వేశాడు. నది వెంబడి కిందికి వెళితే గార్డెన్ రీచ్. ఆ రోజుల్లో ఆ ఒడ్డంతా తోట బంగళాలు. 1856లో రాజ్యం పోగొట్టుకుని వచ్చిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా ఆ పక్కనే మటియాబుర్జ్‌లో స్థిరపడ్డాడు. 1887లో ఆయన పోయాక ఆ కట్టడాలు చాలావరకు నేలమట్టం చేశారు. 1892లో ఖిదిర్‌పూర్ డాకులు తెరిచారు. తరువాత రైల్వే వచ్చింది. మన తెలుగువాళ్ళు ఎందరో ఆ రైల్వే అన్నమే తిన్నారు, కాదనను. కానీ ఇవాళ తోట ఆ పేరులోనే ఎక్కువ కనిపిస్తుంది.

ఇక పక్కనున్న అలీపూర్ చూడండి. బెల్వెడేర్ భవనానికి ఢోకా లేదు, అందులో నేషనల్ లైబ్రరీ ఉంది. హేస్టింగ్స్ హౌస్‌కీ పేరుంది. పెద్ద భవంతిని ఎవరో ఒకరు కాస్తారు. పోయేవి మామూలు ఇళ్ళు. ఎర్ర గచ్చు, ఆకుపచ్చ చెక్క రెక్కల కిటికీలు, వీధరుగు ఉన్న ఇళ్ళు. రచయిత అమిత్ చౌధురి 2015లో ఈ మాటే ఎత్తారు. ఊరి ముఖం ఆ ఇళ్ళలోనే ఉందన్నారు. కార్పొరేషన్‌కు గ్రేడుల జాబితా ఉంది, 2001 నుంచి రాష్ట్ర హెరిటేజ్ కమిషన్ చట్టమూ ఉంది. కానీ జాబితాలో లేని ఇల్లు, దాని ముందున్న చెట్టు ఎవరికి పట్టాయి?

ఇప్పుడు నా తప్పు చెబుతాను. విజయనగరం కంటోన్మెంటులో మా నాన్నగారిది పెంకుటిల్లు. ముందు వసారా, పెరట్లో పనసచెట్టు. అన్నదమ్ములం ముగ్గురం. ఒక బిల్డర్ వచ్చి మనిషికో ఫ్లాటు అన్నాడు. అమ్మాయి పెళ్ళి దగ్గర పడింది, నాకు డబ్బు కావాలి. సెలవు మీద వెళ్ళి మూడో సంతకం నేనే పెట్టాను. రెండేళ్ళు తిరక్కుండా ఆ వరసలో మరో నాలుగు ఇళ్ళు పోయాయి. ఎదురింటి మాస్టారు నాతో, "మీరు ఇచ్చారు గనకే మేమూ ఇచ్చాం బాబూ" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మనకు పరేడ్ తెలుసు. ఒకడు కదిలితే వరసంతా చెడుతుంది. పేట కూడా అంతే. కంటోన్మెంట్లలో పాత బంగళాలు, చెట్లు ఇన్నాళ్ళు ఎలా నిలిచాయి? గోడ ఎత్తు, ఖాళీ జాగా, చెట్టు, అన్నిటికీ ఒక నియమం ఉంది గనక. నియమం ఇంటికి కాదు, వీధికి ఉండాలి.

అయితే ఇంటాయన పొట్ట కొట్టి వీధిని కాపాడమనటం న్యాయం కాదు. పాత ఇల్లు ఉంచుకున్నవాడు తాను కట్టుకోని అంతస్తుల హక్కును వేరేచోట కట్టేవాడికి అమ్ముకునే పద్ధతి ఉంది. దాన్నే టీడీఆర్ అంటారు. చౌధురి గారూ అదే అడిగారు. మన తెలుగు రాష్ట్రాల్లో రోడ్డు వెడల్పుకు స్థలం ఇచ్చినవాళ్ళకు ఈ పత్రాలు ఇస్తున్నారు. చెట్టునూ వసారానూ నిలబెట్టినవాడికి కూడా ధారాళంగా ఇవ్వాలి.

చివరగా ఒక్క మనవి. మీ ఊళ్ళో పాత ఇల్లుంటే సంతకానికి ముందు ఆ వీధివాళ్ళందరితో కూర్చుని ఒకసారి మాట్లాడండి. నేను మాట్లాడలేదు. పనసచెట్టు కొట్టేసిన చోట ఇప్పుడు నా స్కూటరు నిలబడుతుంది.

జై హింద్.