పెన్షన్ అనే మాట
(అనంతగిరిలో జరిగిన మన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)

గుట్టెక్కిన ఆయాసం మీకు తీరేలోపు ముగిస్తాను.

ఆమధ్య ఒక కౌంటరు దగ్గర కుర్రవాడు, "ఊరికే వచ్చే పైసలకు తొందరెందుకు తాతా" అన్నాడు. రెండు రోజులు అన్నం సహించలేదు. అసలీ మాటేమిటో చూద్దామని కూర్చున్నాను.

జర్మనీలో 'పెన్సియోన్' అని బోర్డుంటే అది మనలాంటివాళ్ల ఆఫీసు కాదు, గదులు అద్దెకిచ్చే చిన్న లాడ్జి! ఫ్రెంచివారు భోజనం, బస కలిపి ఇచ్చే ఇంటిని అలా అన్నారు. అయితే జర్మనీలో రిటైరైన సర్కారు ఉద్యోగికి వచ్చేదీ పెన్సియోనే. కార్మికునికి వచ్చేది మాత్రం 'రెంటె'.

ఇంగ్లండులో డాక్టర్ జాన్సన్ 1755 నాటి నిఘంటువులో, బదులేమీ లేకుండా ఇచ్చేది పెన్షన్ అని రాశాడు. మన కుర్రవాడి మాటే! 1762లో తానే ఏడాదికి 300 పౌన్ల పెన్షన్ పుచ్చుకున్నాడనుకోండి.

అన్నిటికీ మూలం లాటిన్ 'పెండెరె', అంటే తూచడం. రోమన్లు తొలినాళ్లలో కంచు తూచి చెల్లించేవారు.

మా నాయన నిజాం కాలపు నౌకరు. ఆయన నోట పెన్షన్ లేదు, 'వజీఫా'యే. నేటి అరబ్బీలో ఆ మాటకు ఉద్యోగమని అర్థం.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు కూడా పెన్షన్ దయతో ఇచ్చేది కాదని తేల్చింది.

మరునెల వెళ్లి ఆ కుర్రవాడికి తూకం సంగతి చెప్పాను. శ్రద్ధగా విని, నా కాగితం చూసి, "మీకు కొంచెం తక్కువే తూచిండ్రు తాతా" అన్నాడు.