బడిపిల్లల పర్యావరణ సంఘము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పాఠశాలలో విద్యార్థులే నడుపుకొను పర్యావరణ సంఘమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఇది పుస్తకములకు దూరమైన విషయమని కొందఱనుకొనవచ్చును. కాని మన గ్రంథాలయము వలెనే అదియు పదిమంది పూనికతో నడువవలసినదే.

ఇట్టి సంఘములు క్రొత్తవి కావు. 1976లో జరిగిన నలువదిరెండవ సవరణముచే అడవులను, సరస్సులను, నదులను, వన్యప్రాణులను కాపాడుట పౌరుల విధిగా మన రాజ్యాంగమున చేరినది. 2001-02లో కేంద్రప్రభుత్వము జాతీయ హరిత దళమను పథకమును ప్రారంభించి బడులలో పర్యావరణ సంఘములను నెలకొల్ప బూనినది. అయిననేమి? పెక్కుచోట్ల ఉపాధ్యాయులు చెప్పుట, పిల్లలు వరుసగా నిలుచుట, మొక్క నాటి ఛాయాచిత్రము తీయించుకొనుట, ఇంతటితో సరి. దానిని నేను సంఘమనను.

పిల్లలే తమ అధ్యక్షుని, కార్యదర్శిని ఎన్నుకొనవలెను. అందు సగమైనను ఆడుపిల్లలుండవలెను. తీర్మానములు వారే వ్రాయవలెను. ఉపాధ్యాయులు ప్రక్కన నిలిచి, పిల్లలు నూతి అంచునకో పాముల పుట్ట వద్దకో పోకుండ చూచిన చాలును.

మొదటి పని మొక్క నాటుట కాదు, లెక్క వ్రాయుట. ఊరిలో వేపలెన్ని, కానుగలెన్ని? బడి బావిలో నీరు నెలనెలకు ఎంత లోతున నున్నది? త్రాటికి ముడులు వేసి దింపిన అదియు తెలియును. ఒక సంవత్సరము వ్రాసినచో పెద్దలమైన మనకును తెలియని సంగతులు ఆ పుస్తకమున కనబడును.

అసలు చిక్కు వేసవిది. జూలైలో నాటిన మొక్కకు ఏప్రిల్ చివర బడి మూయగనే నీరు పోయువారుండరు. జూన్‌లో తలుపులు తెఱచునప్పటికి ఎండుపుల్ల మిగులును. ఆ గోతిలోనే మఱుసటి యేడు మఱియొక మొక్క! కావున బడికి చేరువ నివసించు పిల్లలకు వంతులు ఏర్పఱచి, ఒక్కొక్కరికి రెండు మొక్కలకు మించకుండ ఒప్పగింపవలెను. నూఱు నాటి విడుచుటకంటె పదింటిని బ్రతికించుట మేలు.

రెండవ చిక్కు పెద్దలది. ఒకసారి వాడి పాఱవేయు ప్లాస్టిక్ కప్పులు, పళ్లెములు, చెంచాలు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషిద్ధములు. అయినను పెండ్లి విందు జరిగిన మఱునాడు అవి మురుగుకాలువలో తేలుచునే యున్నవి. ఈ సంగతి పిల్లలు కాగితముపై వ్రాసికొని మన అరుగు ముందు నిలిచినప్పుడు, పోయి చదువుకొనుడని పంపివేసితిమా, వారి సంఘము ఆనాటితో సరి. విస్తళ్లు కుట్టువారు మన పల్లెలలో ఇంకను ఉన్నారు గదా!

గ్రంథాలయమువారికి ఒక విన్నపము. పిల్లల లెక్కపుస్తకమునకు మీ బీరువాలో ఒక అర ఈయుడు. వేసవిలో బడి మూసినను ఈ తలుపులు తెఱచియే యుండును. ఆదివారము సాయంకాలము వారు ఇచ్చటనే కూడుకొని, ఏ మొక్క నిలిచినదో, ఏది ఎండినదో అందులో వ్రాసికొందురు.