ఒక వేదిక, రెండు పియానోలు
(సంగీత సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పాత పాటలే పాడాలని పెద్దలు, కొత్త బాణీలు కావాలని యౌవనస్థులు వాదించుకోవడం మనకు కొత్త కాదు. ఈ వేళ నేను ఎవరి పక్షానా మాట్లాడను. ఇద్దరు గొప్ప వాద్యకారుల మధ్య జరిగిన ఒక సంఘటన మీ ముందుంచుతాను.

1977 ఏప్రిల్ 17. న్యూయార్కులోని కార్నెగీ హాలు. వేదికపై రెండు పియానోలు. ఒకదాని ముందు 66 ఏళ్ల మేరీ లూ విలియమ్స్, రెండవదాని ముందు 48 ఏళ్ల సెసిల్ టేలర్. ఇద్దరూ అమెరికాలోని నల్లజాతివారే; ఇద్దరిదీ జాజ్ సంగీతమే. మన కచేరీలో మనోధర్మం ఎలాంటిదో, జాజ్‌లో అప్పటికప్పుడు కల్పించి వాయించడం అలాంటిది. అయినా ఇద్దరి నడుమ ఒక తరం అంతరం ఉంది.

మేరీ లూ గారు 1910లో అట్లాంటాలో పుట్టి, పిట్స్‌బర్గులో పెరిగారు. తల్లి కాళ్లతో తొక్కే హార్మోనియం వాయిస్తుంటే, ఒడిలోని పసిబిడ్డ ఆ స్వరాలనే తిరిగి పలికించిందట. 1930లలో కాన్సస్ సిటీలో ఆండీ కర్క్ బృందంలో పేరు సంపాదించారు. 1940లలో హార్లెంలోని ఆమె ఇల్లు యువ వాద్యకారులకు సత్రంలా ఉండేది. థెలోనియస్ మంక్, బడ్ పవెల్ వంటివారు రాత్రి కచేరీలు ముగించుకొని వచ్చి, తమ కొత్త బాణీలు వినిపించేవారు. ఆనాటి పెద్దలలో అనేకులు ఆ సంగీతాన్ని ఎగతాళి చేశారు. ఆమె మాత్రం విన్నారు, సలహా చెప్పారు, తానూ నేర్చుకున్నారు.

1954లో పారిస్‌లో ఉండగా ఆమె కచేరీలు విడిచిపెట్టి, ప్రార్థనలో, బీద వాద్యకారులను ఆదుకోవడంలో కాలం గడిపారు. 1957లో కతోలిక సంఘంలో చేరారు. ఆమె తలాంతు పియానో వద్దే ఉన్నదని గురువులు చెప్పగా మరల వాద్యం పట్టారు. 1975లో ఆమె కూర్చిన పూజా సంగీతం న్యూయార్కు సెయింట్ పాట్రిక్స్ కతెద్రలులో వినిపించింది.

ఇక సెసిల్ టేలర్ గారు బోస్టనులో శాస్త్రీయ సంగీతం చదివినవారు. కాని నిర్ణీతమైన తాళాన్ని, వరసను దాటి, 88 మెట్ల పియానోను మృదంగంలా మోగించేవారు. మేరీ లూ గారంటే ఆయనకు గౌరవం. కలిసి వాయిద్దామన్న తలంపు ఆమెదే.

ఆమె జాజ్ చరిత్రనంతా వరుసగా వినిపించాలనుకున్నారు: నల్లవారి భక్తిగీతాలు, రాగ్‌టైమ్, బ్లూస్, స్వింగ్, బాప్. ఆమె దారి గీసి తెచ్చారు. ఆయన తన దారినే నడిచారు. ఆమె నెమ్మదిగా ఒక మాట చెబుతుంటే, ఆయన వరదలా పొంగారు. విన్నవారు రెండుగా చీలిపోయారు. ఆ కచేరీ రికార్డు మరుసటి ఏడు 'ఎంబ్రేస్డ్', అనగా 'ఆలింగనం', అన్న పేరుతో వచ్చింది. వింటే కొన్ని చోట్ల నిజంగా ఆలింగనమే. మరికొన్ని చోట్ల కుస్తీ.

తప్పు ఎవరిది? నేను తీర్పు చెప్పను. గీసి తెచ్చిన దారిలో రెండవవానికి చోటెంత? పెద్దామె మాట పూర్తయ్యేవరకు ఆగే ఓపిక చిన్నవానికెంత? ఈ రెండు ప్రశ్నలూ మనవి కూడా.

ఒక సంగతి గమనించండి. హార్లెం ఇంటిలో ఏళ్ల తరబడి సాధ్యమైనది కార్నెగీ హాలులో ఒక్క రాత్రిలో సాధ్యం కాలేదు. ఆ ఇంటిలో టిక్కెట్లు లేవు, చప్పట్లు లేవు, గడియారం లేదు. ఒకరు వాయిస్తే మరొకరు విన్నారు. వేదిక మనలను పక్కపక్కన కూర్చోబెట్టగలదు, వినడం నేర్పలేదు. అది ముందే, ఇంటిలో నేర్చుకొని రావలసినది.

ఆ రాత్రితో మేరీ లూ గారు యువకులకు తలుపు మూయలేదు. అదే సంవత్సరం డ్యూక్ విశ్వవిద్యాలయంలో చేరి, విద్యార్థులకు జాజ్ బోధించారు. 1981లో కన్నుమూశారు. ఆనాటి 'కొత్తవాడు' టేలర్ గారు తానూ వృద్ధుడై, 2018లో, 89వ ఏట మరణించారు. యౌవనస్థులారా, రేపటి పెద్దలు మీరే.

కనుక పెద్దలకు నా మనవి: నెలకొక సాయంకాలం మీ ఇంటి తలుపు తెరిచి, పిల్లల పాట చివరిదాకా వినండి. పిల్లలకు నా మనవి: పాత కీర్తన ఒకటి మార్చదలిస్తే, ముందు దానిని కంఠస్థం చేయండి. ఆ తరువాత వేదిక ఎక్కుదాం.