రాతకు కూలి అడగండి

పట్టాలు అందుకున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మనసారా అభినందనలు.

మీలో తెలుగు ఎమ్మే చేసినవాళ్లున్నారు, జర్నలిజం చదివినవాళ్లున్నారు, అనువాదం నేర్చుకున్నవాళ్లున్నారు. రాసి బతకాలన్న కోరిక చాలామందికి ఉంది. దానితోపాటే ‘‘రాతలు అన్నం పెడతాయా?’’ అన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఉంది. అలా అడిగారని అమ్మానాన్నల మీద అలగకండి. అప్పు తెచ్చి ఫీజు కట్టినవాళ్లకు ఆ మాట అడిగే హక్కుంది. ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబు చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను. రాత కూడా పనే. పని అన్నాక శ్రద్ధగా నేర్చుకోవాలి, ఒళ్లు వంచి చేయాలి, చేసినదానికి కూలి అడగాలి.

మన పెద్దల్లో చాలామంది ఏదో ఒక కొలువు చేస్తూనే రాశారు. కాళీపట్నం రామారావు మాస్టారు విశాఖపట్నంలో లెక్కలు చెప్పారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి కోర్టుల్లో వాదించారు. అక్కడి బోనుల్లో నిలబడ్డ బీదాబిక్కీని దగ్గరగా చూడకపోయుంటే ‘ఆరు సారా కథలు’ పుట్టేవి కావు. పాలగుమ్మి పద్మరాజు రసాయనశాస్త్రం అధ్యాపకుడు. ఆయన ‘గాలివాన’ 1952లో అంతర్జాతీయ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చింది. శ్రీశ్రీ పత్రిక డెస్కులో పనిచేశారు, 1950లో వచ్చిన ‘ఆహుతి’ అనే డబ్బింగు చిత్రానికి మాటలూ పాటలూ రాశారు. మాలతీ చందూర్ వారపత్రికలో పాఠకుల ప్రశ్నలకు దశాబ్దాల పాటు జవాబులు రాస్తూనే నవలలు రాశారు. జీతానికి చేసిన పని వీళ్ల సాహిత్యాన్ని పలచన చేయలేదు. మనుషుల్ని దగ్గరగా చూపించింది, గడువులోపు పూర్తిచేసే అలవాటు నేర్పింది.

ఇవాళ రాసేవాళ్లకు పని ఎక్కడుంది? పత్రికల డెస్కులున్నాయి, టీవీ బులెటిన్లున్నాయి. డబ్బింగు మాటలు, ఓటీటీ సబ్‌టైటిళ్లు, ఫోన్ యాప్‌లకు తెలుగు, పాఠ్యపుస్తకాలు, ప్రచురణ సంస్థల్లో ప్రూఫులు ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా నమోదైనవాళ్లు 8 కోట్ల పైచిలుకు. వాళ్లకు బ్యాంకు నోటీసు అర్థం కావాలి, పంటల బీమా షరతులు తెలియాలి, మందు ఎలా వేసుకోవాలో తెలియాలి. అవి తేటగా రాయగలిగినవాళ్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది.

యంత్రాలు అనువదిస్తున్నాయి కదా అని మీరు అడగొచ్చు. నిజమే, ఆ దెబ్బ అనువాదకుల రేట్ల మీద పడింది. యంత్రం చేసిన తెలుగును పంపి ‘కాస్త సరిదిద్దండి’ అని తక్కువ రేటు చెప్పేవాళ్లు పెరిగారు. అలాంటి పని ఒప్పుకునే ముందు నమూనాగా రెండు పేజీలు అడిగి తీసుకోండి. వాక్యం వాక్యం తిరగరాయాల్సి వస్తే అది దిద్దుబాటు కాదు, కొత్త అనువాదం. ఆ రేటే అడగండి.

ఉద్యోగానికి వెళ్లేటప్పుడు మీ కథలూ కవితలూ అన్నీ ఫైలు కట్టి తీసుకెళ్లొద్దు. ఆ ఉద్యోగానికి పనికొచ్చే రెండు మూడు నమూనాలు చాలు. పత్రికల రాతపరీక్షలో సాధారణంగా ఒక ఇంగ్లిషు వార్తకు అనువాదం, ఒక వ్యాసం, కొన్ని శీర్షికలు, తప్పుల దిద్దుబాటు ఉంటాయి. వాటికి ఇంట్లో గడియారం పెట్టుకుని సాధన చేయండి.

డెస్కు ఏం నేర్పుతుందో చెబుతాను. రాత్రి తొమ్మిదింటికి మండలం నుంచి ఒక వార్త వస్తుంది. మార్కెట్ యార్డులో ధాన్యం తడిసింది. మొదటి పేరా నిండా పరిశీలనకు వచ్చిన అధికారుల పేర్లూ హోదాలూ. రెండో పేరాలో వాళ్లిచ్చిన హామీలు. ఎవరి ధాన్యం, ఎన్ని బస్తాలు, కాంటా వేయకుండా ఎన్నాళ్లుగా ఆపారు అన్నది చివరి వాక్యంలో ఎక్కడో నలిగిపోయి ఉంటుంది. పేజీ వదలడానికి ఇంకా అరగంటే టైముంది. మంచి సబ్ఎడిటర్ ముందు విలేకరికి ఫోన్ చేసి బస్తాల లెక్క సరిచూసుకుంటాడు. తర్వాత ఆ చివరి వాక్యాన్ని తీసుకొచ్చి మొదట పెడతాడు. రైతు పైకొస్తాడు, హోదాలు కిందికి దిగుతాయి. కథ ఎక్కడ మొదలుపెట్టాలో ఇంతకన్నా బాగా నేర్పే బడి నాకు తెలియదు.

ఇక కూలి సంగతి. ‘పేరొస్తుంది, ముందు రాయండి’ అనే మాట మీరు చాలాసార్లు వింటారు. అద్దె కట్టడానికి పేరు పనికిరాదు. ఎంత ఇస్తారు, ఎప్పుడిస్తారు, ఎన్నిసార్లు మార్పులు చేయాలి అన్న మూడు ప్రశ్నలూ పని మొదలుపెట్టకముందే అడగండి. మర్యాదగా అడగండి, కానీ అడగండి. జవాబు కనీసం ఈమెయిల్‌లో తీసుకోండి.

చట్టం కూడా మీ వైపుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాసివ్వడం అంటే కాగితం మీద, మీ సంతకంతో జరగాలి. నోటిమాట చెల్లదు. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే అని లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశానికి మాత్రమే. పత్రికలో జీతానికి రాసినదాన్ని పత్రికల్లో అచ్చువేసే హక్కు యజమానిది. వేరే ఒప్పందం లేకపోతే మిగతా హక్కులు రాసినవాళ్లవే. కాబట్టి ‘అన్ని హక్కులూ, ఎప్పటికీ, ప్రపంచమంతటా’ అన్న వాక్యం కనిపిస్తే అక్కడ ఆగండి. మీరు పోయిన తర్వాత కూడా 60 ఏళ్లు నిలిచే ఆస్తి మీ కాపీరైట్. తొందరలో సంతకం చేసి ఇచ్చేయకండి.

మీలో చాలామంది హైదరాబాద్ చేరతారు. షేరింగ్ రూము, కర్రీ పాయింటు కూర, నెలాఖరుకు ఖాళీ అయ్యే ఖాతా. ఆ రోజుల్ని తట్టుకోవడానికి అక్కడ పెద్ద ఖర్చు లేకుండా దొరికే ఆసరాలున్నాయి. చిక్కడపల్లి గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివేవాళ్ల మధ్య కూర్చుని రాయండి. ఆ పట్టుదల మీకూ అంటుతుంది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు తిరగేయండి. డ్యూటీకి ముందో తర్వాతో రోజూ ఒక గంట మీ సొంత రాతకు కేటాయించండి. ఆ గంటలో ఎవరి ఫోనూ ఎత్తకండి. జీతం రాత చేతికి సాధన ఇస్తుంది. మీరు చెప్పాల్సిన మాట మాత్రం ఆ గంటలోనే బయటికొస్తుంది.

చివరిగా ఒక కోరిక. దరఖాస్తు పంపి నెలల తరబడి ఎదురుచూడటం మీకు అనుభవంలోకి వస్తుంది. ‘మళ్లీ చెబుతాం’ అన్నవాళ్లు చెప్పరు. డబ్బులిస్తామన్నవాళ్లు ఫోనెత్తరు. ఆ బాధ గుర్తుపెట్టుకోండి. కొన్నేళ్లకు మీలో కొందరు సంపాదకులవుతారు, ప్రచురణకర్తలవుతారు, సినిమా నిర్మాతల పక్కన కూర్చుంటారు. అప్పుడు మీ దగ్గరికొచ్చిన కుర్రవాళ్లకు వారంలోపు జవాబివ్వండి. వద్దనుకుంటే ఎందుకు వద్దో రెండు ముక్కలు రాయండి. పని చేయించుకుంటే చెప్పిన తేదీకి డబ్బు వేయండి. ‘రాతలు అన్నం పెడతాయా?’ అని వాళ్ల ఇంట్లో అడిగితే, పెడతాయని ధైర్యంగా చెప్పగలిగే రోజు మీ చేతుల మీదుగానే రావాలి.